పలకరింపుకి తెలియని మాట

నమోదు 1 - సోమవారం

పొద్దున మొదట వచ్చిన పిల్లాడికి దోమతెర, ఒక జత చెప్పులు రాశాను. రెండో పిల్లకి ఇంటి పైకప్పు మీద కొట్టే తెల్ల సున్నం రాశాను. ఎండాకాలం ఆ ఇల్లు ఇటుకల బట్టీలా కాగుతుంటే పిల్ల దగ్గుకి సిరప్ పోసి ఏం లాభం? మూడో పిల్లాడి కోసం వాళ్ళ నాన్నకి వారం సెలవు రాశాను. వాడి జబ్బు నాన్న కనిపించకపోవడమే. మధ్యాహ్నం ఒకే ఒక్క యాంటీబయాటిక్ రాయవలసి వచ్చింది. రాసి, ఓడిపోయినదానిలా మొహం పెట్టుకుని కూర్చున్నాను.

మెరకపేట పిల్లల ఆసుపత్రిలో పని ఇలాగే ఉంటుంది. తీరం ఊళ్ళను సముద్రం తీసుకుపోయాక జాలరి కుటుంబాలను తెచ్చి ఈ కొండవాలు మీద పెట్టారు. చేపలు పట్టిన చేతులకి మంచువలలు ఇచ్చారు. మగవాళ్ళు పై శిఖరాల మీద నెలల తరబడి ఉండి, పొగమంచుకి వలలు కట్టి, కింది నగరాలకి తాగునీళ్ళు పడుతున్నారు. నగరం ఆ నీళ్ళు తాగుతుంది. తాగి, మెరకపేట తల్లులకి పిల్లల్ని పెంచడం రాదంటుంది. ఈ రెండో ముక్క గురించే ఈ వారం రాయబోతున్నాను.

మందుచీటీ మీద బియ్యం రాసే హక్కు కోసం మేము ఏళ్ళ తరబడి రోడ్ల మీద కూర్చున్నాం. జబ్బు పసిబిడ్డ ఒంట్లోకి ఇంటి గుమ్మంలోంచి వస్తుంది, గుమ్మానికి వైద్యం చెయ్యకుండా బిడ్డకేం చేస్తారని గొంతులు పోయేలా అరిచాం. డాక్టర్లకి రాజకీయాలెందుకన్నారు. నీరసానికి బియ్యం రాయడం రాజకీయమైతే, బియ్యం రాయకుండా టానిక్కు రాయడం ఏమిటి, సంగీతమా? చివరికి చట్టం వచ్చింది. చట్టంతో పాటు పలకరింపు కూడా వచ్చింది.

నా చిన్నప్పుడు పలకరింపంటే ఒక మనిషి లేచి, చెప్పులు తొడుక్కుని, ఇంకో మనిషి గుమ్మంలోకి వెళ్ళడం. ఇప్పుడది గోడకి కొట్టిన ఒక పెట్టె. ఇంటికొకటి, మా ఆసుపత్రి గదిలో ఒకటి. వారానికోసారి తియ్యటి గొంతుతో అడుగుతుంది: బియ్యం ఉన్నాయా? నీళ్ళున్నాయా? వెలుగుందా? భయమేమైనా ఉందా? జవాబు విని, సారం తీసి మాకు పంపి, గొంతుని చెరిపేస్తుంది. గోప్యత అట. పేదవాళ్ళ మాట దాచుకోవడం తప్ప అన్ని తప్పులూ చేయడానికి వీలున్న గోప్యత అది.

సాయంత్రం అసిరమ్మ వచ్చింది, ఐదేళ్ళ ముత్యాలుని చంకనేసుకుని. ఐదేళ్ళ పిల్లని అంత తేలిగ్గా చంకనేసుకోగలగడంలోనే జబ్బేమిటో తెలిసిపోయింది.

"డాట్రమ్మా, నీ కాటా పాడయిపోనాది," అంది ముత్యాలు కాటా మీద నిలబడి. "నన్ను తక్కువ సూపిస్తంది."

"కాటా బాగానే ఉందే. నువ్వే తగ్గావు."

"నాను తగ్గనేదు. పొడుగయ్యాను. సన్నంగా పొడుగయ్యాను."

అసిరమ్మ నవ్వింది. నవ్వుతూనే పిల్ల గౌను వెనక పిన్నీసు సర్దింది. గౌను పాతదే, పిల్లే అందులో మిగిలిపోతోంది.

"ఏం తింటోంది అసిరమ్మా?"

"పెట్టిందల్లా తింటాది డాట్రమ్మా. వంక పెట్టదు."

ఆ ఇంటి సారం తెర మీదకి తెప్పించాను. ఆహార నిల్వ: నిండు. పోయినవారం నిండు, అంతకు ముందు వారం నిండు, ఎంత వెనక్కి చూసినా నిండు. వెలుగు: కొండ మీద ఉంది. ఇదేం రాతో నాకు అర్థం కాలేదు. కొండవాలు మీది ఇల్లు కాబట్టి పెట్టె ఏదో వాగి ఉంటుందనుకున్నాను. ఆ కింద ఎర్ర అక్షరాలు: నిల్వ ఉన్నా బిడ్డ బరువు తగ్గుదల. శ్రద్ధలోపం అనుమానం. శుక్రవారం శిశు రక్షణ అధికారి విచారణ. బిడ్డని 'నీడ'కి తరలించే అవకాశం.

నీడ నగరంలో ఉంది. చల్లటి గదులు, పాలు, బొమ్మలు, చదువు. ఒక్క అమ్మే ఉండదు.

నేను చదివి చెప్పకముందే గోడ మీది పెట్టె చదివేసింది, అదే తియ్యటి గొంతుతో. అసిరమ్మ పిల్లని కాటా మీద నుంచి దించి మళ్ళీ చంకనేసుకుంది. వెళ్ళేటప్పుడు మాత్రం గుమ్మంలో ఆగింది.

"డాట్రమ్మా, శ్రద్ధలోపమంటే ఏటి?"

 

నమోదు 2 - మంగళవారం

అధికారి పేరు రిషిత్. పొద్దున్నే ఫోన్ చేశాను.

"మేడమ్, ఇంట్లో బియ్యం నిండుగా ఉన్నాయి. బిడ్డ ఎండిపోతోంది. మధ్యలో ఉన్నది తల్లి. లెక్క మీరే చెయ్యండి."

"మీరెప్పుడైనా అన్నం వండారా?"

"మా ఫ్లాట్లలో వంటిళ్ళు లేవు మేడమ్. నేను పుట్టేసరికే తీసేశారు. కింది అంతస్తులో భోజనం వస్తుంది. దానికీ దీనికీ ఏమిటి సంబంధం?"

"నాకూ తెలీదు. కోపంలో అడిగాను."

అతను చెడ్డవాడు కాడు. అదే నా బాధ. చెడ్డవాడైతే తిట్టి నిద్రపోయేదాన్ని. మర్యాదగా మాట్లాడాడు, పిల్ల పేరు రెండుసార్లు అడిగి పలకడం నేర్చుకున్నాడు, దారిలో ఏడవకుండా బొమ్మ తెస్తానన్నాడు.

ఫోను పెట్టేశాక నా బుర్రలోకీ ఆ లెక్క దూరింది. బియ్యం ఎటు పోతున్నాయి? అమ్ముకుంటోందా? మొగుడికి పంపుతోందా? నన్ను నేను పట్టుకుని కుదిపాను. చూడండి, ఎంత చవకో తల్లిని అనుమానించడం! ఒక్క పైసా ఖర్చు లేదు. వ్యవస్థని అనుమానించాలంటే ఉద్యోగం పణం పెట్టాలి, తల్లిని అనుమానించాలంటే కుర్చీలో కొంచెం వెనక్కి వాలితే చాలు. నేనూ వాలాను. ఆ వెంటనే లేచి తీగబండికి టిక్కెట్టు చెప్పాను. రేపు వెళ్తున్నాను.

నమోదు 3 - బుధవారం

తీగబండి వాలు మీదుగా ఊగుతూ పైకి తీసుకెళ్ళి వాళ్ళ వీధి చివర దించింది. ఒకటే గది. గోడకి చిరిగిన మంచువల, దాన్ని సగం కుట్టి ఆపిన సూది. ముత్యాలు చాప మీద పడుకుని కప్పు వైపు చూస్తూ ఏదో పాడుకుంటోంది. పగలు పూట ఐదేళ్ళ పిల్ల పరిగెత్తకుండా పడుకోవడం డాక్టర్లకి నచ్చే దృశ్యం కాదు.

"కూకోండి డాట్రమ్మా," అని అసిరమ్మ పీట వాల్చి మంచినీళ్ళిచ్చింది. "టీ పెడుదునే, పంచదార నిండుకుంది."

"పంచదార లేకపోతే ఏం, అలాగే పెట్టు. నాకు అలవాటే."

"టీపొడి కూడా నిండుకుంది."

"అయితే ఉత్త పాలు పొయ్యి," అన్నాను నవ్వుతూ.

ఆమె నవ్వలేదు. నా నవ్వు కూడా సగంలో ఆగిపోయింది.

మూల ఉన్న బియ్యం డబ్బా వైపు చూశాను.

"అసిరమ్మా, బియ్యమో?"

"అవీ నిండుకున్నాయి డాట్రమ్మా."

మా అమ్మమ్మ డబ్బాలో గరిటె గీరుకునే చప్పుడు వినిపిస్తున్నా సరే, అయిపోయాయని అనేది కాదు. నిండుకున్నాయనేది. దీపం ఆరిపోయిందనేది కాదు, కొండెక్కిందనేది. వెళ్తాననేది కాదు, వెళ్ళొస్తాననేది. ఇంట్లో కీడు మాట పలికితే పైన తిరిగే దేవతలు తథాస్తు అంటారట. ఆ దేవతలు లేరని పదేళ్ళ వయసులో అమ్మమ్మతో పోట్లాడాను. ఇప్పుడున్నారు. గోడకి కొట్టి ఉన్నారు.

"పెట్టె అడిగినప్పుడు ఏం చెప్పావు?"

"నిండుకున్నాయనే సెప్పినాను. ముందు సగం బస్తా కోసీసినారు. మళ్ళీ సెప్పినాను, నిండుకున్నాయి బాబూ అని. ఆ సగం కూడా ఆపీసినారు. మేమేటి తప్పు సేసినామో, సర్కారోళ్ళకి కోపం వొచ్చినాది కాబోలనీసి ఇంకా మెత్తగా సెప్పినాను." గొంతు తగ్గించింది. "నాను ఎంత మంచిగా సెప్తే అంత తగ్గించీసినారు డాట్రమ్మా."

"మరి దీపం?"

"అది కొండెక్కీసి నెలయ్యింది. బేటరీ పాడు."

వెలుగు: కొండ మీద ఉంది. నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. రెంటినీ మంచినీళ్ళతో మింగాను.

పలకరింపుకి తెలుగు నేర్పినవాళ్ళు వంటిల్లు లేని ఫ్లాట్లలో పుట్టారు. బియ్యం డబ్బా అడుగు వాళ్ళు చూడలేదు. అడుగు చూడనివాళ్ళకి, అడుగు కనిపించినప్పుడు మనిషి ఏ మాట అంటుందో ఎలా తెలుస్తుంది? నిండు అంటే నిండే. ఎంత ఖాళీ అయితే అంత నిండు. ఆకలి ముదిరినకొద్దీ ఆ ఇల్లు వాళ్ళ తెర మీద పచ్చపచ్చగా మెరిసింది.

పక్కింటి అప్పలకొండ అప్పుడే గిన్నెలో అంబలి పట్టుకుని వచ్చింది. ముసలమ్మే గానీ గొంతు గంట. "ఏటి, డాట్రమ్మ మా వీధికొచ్చినాదే! ఎవలికి ముంచుకొచ్చినాదో!" అంటూ గిన్నె ముత్యాలు ముందు పెట్టింది. "లెగువే రాణీ. నీ మంత్రులు వొచ్చినారు."

"మీ ఇంట్లో ఎలా ఉంది అప్పలకొండా?"

"మా ఇంట్లోనూ నిండుకుంటన్నాయి. ఈ పిల్ల గుంటకో గరిటె ఎక్కువేటి?"

ముత్యాలు గిన్నె ఎత్తి తాగేసి, అడుగున వేలు పెట్టి నాకింది. తర్వాత గిన్నెలోకి ఒక కన్నుతో చూసి, "నిండుకుంది," అని ప్రకటించింది.

నమోదు 4 - గురువారం

పొద్దున మందుచీటీ మీద బియ్యం రాశాను. పెట్టె తిరగ్గొట్టింది: నిల్వ నిండుగా ఉన్న ఇంటికి బియ్యం రాయరాదు. నేను పోరాడి తెచ్చుకున్న హక్కు నా మొహానే తలుపు వేసింది.

నగరంలోని భాషా విభాగానికి రాశాను. జవాబు తొందరగానే వచ్చింది, అందులో అన్నీ ఉన్నాయి, బుర్ర తప్ప. "మీ సూచనకు ధన్యవాదాలు. సదరు పదానికి నిండుట అనే అర్థం నమోదై ఉన్నది. వ్యతిరేకార్థం మా దృష్టికి రాలేదు. సవరణలు వర్షాల తర్వాత చేపట్టబడును. ఈలోగా లబ్ధిదారు 'లేవు' అని స్పష్టంగా పలికినచో సమస్య పరిష్కారమగును."

లబ్ధిదారు! రెండు నెలలుగా డబ్బా గీరుకుంటున్న మనిషిని లబ్ధిదారు అనడానికి మీకు నోరెలా వచ్చిందయ్యా?

అయినా దారి దొరికిందనుకున్నాను. ఒక్క మాటే కదా. మా ఇంట్లో ఉన్న బియ్యం సంచీలో పోసుకుని మళ్ళీ పైకి వెళ్ళాను. నా బియ్యంతో పిల్ల నాలుగు పూటలు తింటుంది గానీ ఫైలు మారదు. ఫైలు మారడానికి ఆ ఒక్క మాట కావాలి.

"లేవు అను అసిరమ్మా. పెట్టె ముందు. ఒక్కసారి."

ఆమె నన్ను చూసిన చూపు ఎలా ఉందంటే, పిల్లని కొట్టమని చెప్పినట్టు.

"ఆ మాట అనను."

"ఎందుకనవు? ఉన్న సంగతే కదా!"

"ఉన్న సంగతని సొంతింటిని తిట్టుకుంటామేటి?"

నాకు కోపం వచ్చింది. జీవితమంతా మూఢనమ్మకాల మీద కరపత్రాలు వేసినదాన్ని. పిల్లని పట్టుకుపోయే రోజు రేపు, ఈ రోజు శకునాలా? గట్టిగానే అరిచాను. మాటతో బియ్యం రావు, మాటతో పోవు, గాలిలో దేవతలెవరూ లేరన్నాను. ముత్యాలు నా మొహంలోకి భయంగా చూసేదాకా ఆపలేదు.

అసిరమ్మ అరవలేదు. వల అంచు వేళ్ళతో సాఫు చేస్తూ చెప్పింది. "కింద ఊళ్ళో ఉన్నప్పుడు మా అత్త గుమ్మంలో కూకొని, ఆ మాటే అనీసినాది డాట్రమ్మా. ఇంట్లో ఇంక ఏటీ... అని. తెల్లారేసరికి ఆ గుమ్మం కూడా సముద్రంలో ఉంది."

"సముద్రం మీ అత్త మాట వినలేదు అసిరమ్మా. అది ఎలాగూ వచ్చేది. సముద్రం మన మాట వింటుందా?"

"మరి మీ పెట్టె వింటాదేటి?"

గోడ మీది పెట్టె వైపు చూశాను.

"డాట్రమ్మా," అంది మెల్లగా. "మా అమ్మ ఆ ఒక్క మాట ఇచ్చినాది నాకు. ఎంత కష్టమొచ్చినా ఇల్లు నిండుగానే ఉన్నాదని సెప్పుకోమని. మీ పెట్టెకి ఒక్క మాట నేర్పనేరు గానీ, నాను మా యమ్మ నేర్పింది మర్సిపోవాలా?"

నేను మెట్ల మీద కూర్చుని ఆ ప్రశ్న నమిలాను. ఇన్నేళ్ళూ దేవతలతో పోట్లాడాను సరే, కానీ ఈ ఆఫీసుల మతం మాటేమిటి? అది ఇంకా పాతది. బియ్యం కావాలా, ముందు నీ లేమిని మేం చెప్పిన మాటల్లో, మేం చెప్పిన గొంతుతో ఒప్పుకో అంటుంది. కడుపు ఖాళీ అయితే చాలదు, నోరు కూడా ఖాళీ చేసుకోవాలంటుంది. అసిరమ్మ ఆ ఒక్క పూజ చెయ్యనంటోంది. నేను పూజారి తరఫున వచ్చి ఆమె మీద అరిచాను.

అలా అనుకున్నా భయం తగ్గలేదు. పిల్ల పోతుంది రేపు. సిద్ధాంతం పిల్లని ఎత్తుకోదు.

దిగివచ్చేటప్పుడు చూస్తే అసిరమ్మ నా సంచీలోని బియ్యం గిద్దతో కొలిచి ఇంటింటికీ పంచుతోంది. "మొత్తం మీరే ఉంచుకోవాలి!" అని కేకేశాను. "ఆళ్ళకీ నిండుకున్నాయి కదేటి!" అని అంతకన్నా గట్టిగా కేకేసింది.

నమోదు 5 - శుక్రవారం

రిషిత్ పొద్దున్నే వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో గుడ్డతో కుట్టిన తాబేలు. నా గదిలో అతనూ, నేనూ, అసిరమ్మా, ఆమె ఒళ్ళో ముత్యాలూ, గోడ మీద పెట్టే.

"ఇదేటి?" అంది ముత్యాలు.

"తాబేలు. దారిలో నీకు తోడు," అన్నాడు రిషిత్.

"ఏ దారిలో?"

అతను నావైపు చూశాడు. నేను సాయం చెయ్యలేదు.

అతనికి అంతా చెప్పాను. నిండుకోవడమంటే ఏమిటో, ఎవరు ఎందుకు అంటారో. శ్రద్ధగా విన్నాడు. "మేడమ్, మీరు చెప్పేది నిజమే కావచ్చు. కానీ నిండుకోవడమంటే ఖాళీ కావడమని పైవాళ్ళకి ఏమని రాయను? నవ్వుతారు. ఈవిడ ఒక్కసారి స్పష్టంగా చెబితే ఇక్కడే మూసేస్తాను. నాకూ ఈ పిల్లని తీసుకెళ్ళాలని లేదు."

పెట్టె గొంతు సవరించుకుంది. "నమస్కారం అసిరమ్మ గారూ. మీ ఇంట్లో బియ్యం ఉన్నాయా, లేవా?"

"సూడండి, ఎంత సులువుగా అనీసినాదో," అంది అసిరమ్మ నాతో, నోరు నొక్కుకుని.

ముత్యాలుకి ఓపిక పోయింది. "మా ఇంట్లో బియ్యం నే..."

అసిరమ్మ చెయ్యి చటుక్కున పిల్ల నోటి మీదకి వెళ్ళింది. రిషిత్ మొహం మారింది. "పిల్లని ఎందుకు చెప్పనివ్వడం లేదు?" అన్నాడు. గొంతులో మర్యాద ఉంది గానీ మెత్తదనం పోయింది. చొక్కా జేబులోంచి తరలింపు పత్రం తీసి బల్ల మీద పెట్టాడు.

అసిరమ్మ ఆ కాగితం చూసింది. పిల్లని చూసింది. ఆమె లొంగిపోవడం నా కళ్ళతో చూశాను. మెడ వంగింది, పెదాలు కదిలాయి. తల్లి కదా, అనేస్తుంది. నేను అదే కోరుకున్నాను నిన్న. ఇప్పుడు చూడలేకపోయాను. "మా ఇంట్లో..." అని మొదలుపెట్టింది.  మళ్ళీ మొదలుపెట్టింది. "మా ఇంట్లో బియ్యం..."

ముత్యాలు చిన్న చెయ్యి పైకి వచ్చి అమ్మ నోరు మూసింది. గట్టిగా, అమ్మ తనకి మూసినట్టే. "అనకు," అంది.

 పెట్టె మాత్రం "మీ జవాబు వినబడలేదు, దయచేసి మళ్ళీ చెప్పండి" అంటూనే ఉంది.

అసిరమ్మ ఆ చిన్న వేళ్ళని ముద్దుపెట్టుకుని తీసింది. కళ్ళు తుడుచుకుని రిషిత్ వైపు తిరిగింది.

"బాబూ, నాను సెప్పనేను. నువ్వే మా ఇంటికి రా. వొచ్చి సూడు."

"నేను రావలసిన అవసరం లేదమ్మా. పలకరింపు ఉంది కదా."

"రిషిత్ గారూ," అన్నాను, "అధికారి కళ్ళతో చూసి చెప్పిన మాట చెల్లుతుందా, చెల్లదా?"

"చెల్లుతుంది మేడమ్. ఇంటివాళ్ళ మాట కన్నా ఎక్కువే. కానీ ఎవరం వెళ్ళం."

"ఎందుకు వెళ్ళరు?"

అతను కొంచెం ఆలోచించాడు. "ఎవరూ పిలవలేదు," అన్నాడు.

"ఇప్పుడు పిలిచింది. ఇంటికి రమ్మన్న మనిషి మొహాన రానని చెప్పగలిగితే చెప్పండి."

చెప్పలేకపోయాడు. వంటిళ్ళు పీకేశారు గానీ, పిలిస్తే వెళ్ళే ఆ గుణాన్ని ఇంకా పీకలేకపోయారు.

తీగబండిలో ముత్యాలు తాబేలుకి కొండ చూపించింది. రిషిత్ కిందకి చూడలేక కళ్ళు మూసుకున్నాడు. ఇంట్లోకి వచ్చాక అసిరమ్మ పీట వాల్చి మంచినీళ్ళిచ్చింది. అతను పీట మీద ఎలా కూర్చోవాలో తెలియక మోకాళ్ళతో కుస్తీ పట్టాడు. తర్వాత లేచి డబ్బా మూత తీశాడు. లోపలికి వంగాడు. చెయ్యి పెట్టాడు. మోచేయి దాకా, భుజం దాకా. చెయ్యి బయటికి వచ్చినప్పుడు వేళ్ళకి కొంచెం తవుడు దుమ్ము అంటుకుని ఉంది. దాన్ని చాలాసేపు చూసుకున్నాడు.

"ఇది ఖా..."

"అనకండి బాబూ!" అసిరమ్మ రెండు చేతులూ అడ్డం పెట్టింది.

నోరు తెరిచినవాడు తెరిచినట్టే నిలబడ్డాడు. తర్వాత గోడ మీది పెట్టె దగ్గరికి వెళ్ళి, వినయంగా, "అధికారి రిషిత్‌ని. స్వయంగా చూశాను. ఈ ఇంట్లో బియ్యం... నిండుకున్నాయి," అన్నాడు.

"ధన్యవాదాలు," అంది పెట్టె. "ఆహార నిల్వ: నిండు. అధికారిచే ధ్రువీకరించబడింది."

గుమ్మంలోంచి చూస్తున్న అప్పలకొండ పడీపడీ నవ్వింది. "ఓలమ్మ, ఈ బాబుకీ మన రోగమే అంటుకున్నాది!"

రిషిత్ చెవులు ఎర్రబడ్డాయి. "ఇంట్లో అనకూడదు. అనకపోతే ఇది వినదు. మరి నేనేం చెయ్యాలి?" అన్నాడు. అధికారి గొంతు కాదు అది. తప్పిపోయిన పిల్లాడి గొంతు.

అసిరమ్మ ఆలోచించింది. "గుమ్మం దాటీయండి. వీధి దాటి, ఆ తీగబండి స్తంభం కాడికెల్లి అనండి. అది ఎవలి ఇల్లూ కాదు."

వెళ్ళాడు. ఇస్త్రీ చొక్కాతో, తవుడు చేత్తో, చేతి ఫోను ఎత్తిపట్టుకుని స్తంభం పక్కన నిలబడి, గాలికి వినిపించదేమోనని గొంతు చించుకున్నాడు: "లేవు! అసిరమ్మ గారింట్లో బియ్యం లేవు! ఒక్క గింజ లేదు! దీపం లేదు! పంచదార లేదు! శ్రద్ధలోపం అనుమానం కొట్టివేస్తున్నాను! తరలింపు రద్దు! బియ్యం వెంటనే పంపాలి!"

ఫోను "నమోదైంది," అంది.

అసిరమ్మ గుమ్మంలోనే కూలబడి ముత్యాలుని ఒళ్ళోకి లాక్కుంది. ఏడ్చింది. పిల్ల ఊపిరాడక గింజుకుని, "తాబేలు నలిగిపోతంది," అంది.

ఇన్నేళ్ళూ నేను అడగవలసింది ఇదే, అడగలేదు. బియ్యం అడిగాను, సున్నం అడిగాను, సెలవు అడిగాను. లేదన్న మాటని పేదవాడి నోట అనిపించకుండా తన నోటితో అనే సర్కారు కావాలని అడగలేదు. ఆ మాట బరువు మోయడానికి కాకపోతే జీతాలెందుకయ్యా మనకి?

ఇంతలో వీధిలో తలుపులు తెరుచుకున్నాయి. ఇస్త్రీ చొక్కా అధికారి స్తంభం దగ్గర నిలబడి బియ్యం లేవని కేకలు పెట్టడం మెరకపేట ఎన్నడూ వినలేదు.

"బాబూ, మా ఇంటికీ రా, వొచ్చి సూడు!" అప్పలకొండ అందరికన్నా ముందుంది. "మా తరఫునా ఆ పాడుమాట నువ్వే అనీ!"

"నాకు ఒక్క ఇంటికే అనుమతి ఉందమ్మా," అన్నాడు రిషిత్.

"పిలిస్తే రావా? మంచినీళ్ళు తాగి పోదువు!"

వెళ్ళాడు. డబ్బాలో చెయ్యి పెట్టాడు, మంచినీళ్ళు తాగాడు, స్తంభం దగ్గరికి వచ్చి అరిచాడు. పక్కింటికి వెళ్ళాడు. చెయ్యి, మంచినీళ్ళు, స్తంభం. ఏ ఇంట్లోనూ ఇవ్వడానికి వేరే ఏమీ లేదు కాబట్టి అన్ని ఇళ్ళలోనూ మంచినీళ్ళే. ఎండ వాలేసరికి అతని కడుపు చెరువైంది, గొంతు బొంగురుపోయింది. మధ్యలో నగరం నుంచి ఫోను వచ్చింది. "అవును సార్, అన్నీ స్వయంగానే చూశాను. లేదు సార్, ఇంకా అవలేదు," అని పెట్టేశాడు.

చీకటి పడకముందే తీగబండి మొదటి బస్తాలు మోసుకొచ్చింది. అసిరమ్మ పొయ్యి వెలిగించింది. గంజి వార్చేదాకా కూడా ముత్యాలు ఆగలేదు. వేడి వేడి మెతుకులు ఊదుకుంటూ, వేళ్ళు కాల్చుకుంటూ, తాబేలుకి ఒకటి తను రెండు చొప్పున తింది. నేను గుమ్మంలో కూర్చుని చూశాను. డాక్టరుగా చూశానని చెప్పలేను.

స్తంభం దగ్గర రిషిత్ చతికిలపడి ఉన్నాడు. ఇంక గొంతు లేవదని చేత్తో సైగ చేశాడు. ముత్యాలు అతని ముందుకెళ్ళి నిలబడింది. గడ్డం మీద గంజి, అరచేతినిండా మెతుకులు. ఆ చేత్తోనే అతని చూపుడువేలు పట్టుకుని లాగింది.

"లెగు మామా. ఆ మూలిల్లు సూడనేదు నువ్వు."

అతను లేచాడు.